చేపల వంతు

ఏ ఇంట్లో మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చినా ఆవిడ ముందు వాసన చూసేది. ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారన్న ఆలోచనే ఉండేది కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, తర్వాత వెలుతురుకి ఎత్తి చూసి, అప్పుడు తాగేది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు అలాగే చేస్తే మా వదిన వంటింట్లోకి వెళ్లి, "గ్లాసు నేనే తోమేను. ఏటి దానికి రోగం?" అని గొణిగింది. అది ఆవిడకి వినబడింది.

"గ్లాసు బాగానే ఉంది వదినా. నీల్లే బాగోలేవు," అంది నవ్వుతూ.

మొన్న ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. గుండె ఆగిందని వాళ్ల తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. నాకంటే చాలా చిన్నది. నేను అనకాపల్లి కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆవిడ అక్కడే జువాలజీ చెప్పేది. ఒకే స్టాఫ్ రూములో ఏళ్ల తరబడి కూర్చున్నా, నేను పనిలో ఉన్నంత కాలం మా మధ్య పెద్దగా మాటలు లేవు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎప్పుడూ తడిసి ఉండేవి. చేతులకి చేపల వాసన, దాని మీద లైఫ్‌బాయ్ వాసన. భోజనాల వేళ చేప ముల్లు తీసి, ఆ ముల్లుని వెలుతురుకి పట్టుకుని, అది ఏ చేపో పక్కవాళ్లకి పాఠం చెప్పేది. నేను కుర్చీ అటు తిప్పుకునేదాన్ని.

"చేపని తినేవాల్లకే చేప మీద ప్రేముంటాది మేడమ్. మీ బెల్లం కొట్లవాల్లకి ఏటి తెలుస్తాది?" అనేది.

మాది బెల్లం వ్యాపారం చేసిన కుటుంబం. మా నాన్నగారు మార్కెట్లో బెల్లం దిమ్మ గోకి, ఆ పొడి నాలిక మీద వేసుకుని, బండి మొత్తానికి ధర చెప్పేవారు. ఏ దిమ్మ గోకాలో రైతుని చూపనిచ్చేవారు కాదు, తనూ ఎంచేవారు కాదు. కళ్లు మూసుకుని చెయ్యి వేసేవారు. శాంపిల్ అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవకముందే అక్కడ చూశాను.

రెండు వేల ఆరు వేసవిలో ఆవిడ నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి రావడానికి కారణం కూడా ఒక శాంపిలే. వాళ్ల అమ్మది సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లె. అందరూ చేపల వేటకి వెళ్లేవాళ్లు. సగం పైగా క్రైస్తవులు. ఆవిడ పుట్టింది, బాప్తిస్మం తీసుకుంది అక్కడే. ఊరి ఎగువన ఒక ఫ్యాక్టరీ వచ్చింది. దాని నీళ్లు వాగులోకి వదిలేవారు. వాగు పక్కనే ఊరి బావి. కొన్నాళ్లకి బావి నీళ్లు నోట పెట్టుకోలేకుండా అయ్యాయి. వాగు సముద్రంలో కలిసే మొగలో చేపలు చచ్చి తేలాయి. ఊరివాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టగా చివరికి ఒక అధికారిని విచారణకి వేశారు. ఫ్యాక్టరీ తన ల్యాబు రిపోర్టు పెట్టింది. నీళ్లలో చేపలు హాయిగా బతికాయని అందులో ఉంది. ఊరి తరఫున కూడా ఒక పరీక్ష చేసి చూపించుకోవచ్చని అధికారి అనుమతి ఇచ్చాడు.

ఆవిడ మా వీధి గదిలో కూర్చుని సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"పది చేపల్ని వాగు నీళ్లలో వేసేను మేడమ్. పదీ చచ్చేయి. ఇంకేటి కావాలి?"

"పక్కన మంచినీళ్లలో ఎన్ని వేశావు?"

"మంచినీళ్లలో ఎందుకు వెయ్యడం? మంచినీళ్లలో చేప ఎందుకు చస్తాది?"

"చావలేదని ఎవరు చూశారు? బస్సులో తెచ్చిన కుదుపుకి చచ్చాయంటే ఏం చెప్తావు? ఎండకి చచ్చాయంటే?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "మా ఊళ్లో పిల్లలకి ఒంటినిండా దద్దుర్లు లేచేయి. ఆల్లకి కూడా జతగా వేరే పిల్లల్ని తెచ్చి పక్కన నిలబెట్టాలేటి?"

"నిలబెట్టాలి. లేకపోతే దోమలు కుట్టాయంటారు," అన్నాను.

కాగితం మడిచి సంచిలో కుక్కుకుని, చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే, "ఎన్ని టబ్బులు కావాలో చెప్పండి," అంది.

అప్పటినుంచీ రోజూ వచ్చేది. నేను బోర్డు మీద చెప్పిన పాఠం ఒక్కరికి చెప్పడం అదే మొదలు. ఫ్యాక్టరీ నీళ్లలో పది చేపలు వేస్తే నాలుగు రోజులకి కనీసం తొమ్మిది బతికి ఉండాలన్నది నిబంధన. కానీ ఒక్క టబ్బు చూపిస్తే ఎవరూ నమ్మరు. అచ్చంగా ఫ్యాక్టరీ నీళ్లు రెండు టబ్బుల్లో, సగం కలిపినవి రెండింటిలో, పావు కలిపినవి రెండింటిలో, ఉత్త మంచినీళ్లు రెండింటిలో. నీళ్ల ఘాటు పెరిగేకొద్దీ చావులు పెరుగుతూ పోవాలి. గ్రాఫు మీద ఆ మెట్లు కనబడితే అది ఎండ పని కాదు, కుదుపు పని కాదు, నీళ్ల పనే. అన్నిటికంటే ముఖ్యం మంచినీళ్ల టబ్బు. అందులో పదింట ఒకటికి మించి చస్తే పరీక్ష మొత్తం చెల్లదు.

"అంటే మొత్తం బరువు ఆ మంచినీళ్ల మీదే ఉందన్నమాట," అంది ఆవిడ.

మచ్చుకి లెక్కలు వేసి చెప్పేటప్పుడు మా ఇద్దరికీ ఒక తగువు ఎప్పుడూ ఉండేది. నేను చచ్చినవి ఎన్నని అడిగేదాన్ని. ఆవిడ బతికినవి ఎన్నో చెప్పేది. "ఏడు చచ్చాయి అంటే అయిపోదా?" అని విసుక్కుంటే, "మూడున్నాయి మేడమ్. ముందు ఉన్నవాల్ల పేరు పిలవాలి," అనేది. హాజరు పట్టీ చదివినట్టు.

కాలేజీ సెలవులు. ల్యాబు తాళం ఇవ్వడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఊళ్లో చర్చి వెనక గది ఇచ్చారు. అధికారి మనిషి ఎదురుగా ఫ్యాక్టరీ గొట్టం దగ్గర నీళ్లు పట్టి, డబ్బాలకి సీలు వేశారు. ఒక్కసారే పట్టుకోవాలి, రెండోసారి లేదని ఉత్తర్వులోనే రాసి ఉంది. ఆ సీలు డబ్బాలతో పాటు నేనూ ఆటోలో వెళ్లాను. శీలావతి చేపపిల్లలు, వేలి పొడుగు, ఆవిడ ముందే తెచ్చి అలవాటు చేసి ఉంచింది. ఆరోగ్యంగా ఉన్నవాటిని తెలియకుండానే ఏరి మంచినీళ్లలో వేస్తామన్న అనుమానం రాకూడదని ఏ చేప ఏ టబ్బుకో, ఏ టబ్బు గదిలో ఏ మూలకో చీటీలు వేసి తీశాం. చీటీలు నేనే రాశాను. గుమ్మంలో చర్చి ఊడ్చే ముసలమ్మ కూర్చుని అంతా చూస్తోంది. ముసలమ్మ ఆవిడ తల్లికి దూరపు అక్క. ఆవిడ ఆమెను పెద్దమ్మా అనేది. ఆమె ఆవిణ్ణి పాపా అనేది.

"సీటీలు బాగా కలపండమ్మగారూ. లేపోతే మల్లీ గొడవలు," అంది ముసలమ్మ. నాకు ముచ్చటేసింది. నా విద్యార్థులకే ఆ సంగతి అంత తొందరగా ఎక్కేది కాదు.

ఆ సాయంత్రం నేను అనకాపల్లి వచ్చేశాను. ఆవిడ అక్కడే చాప వేసుకుని ఉండిపోయింది. చచ్చినవాటిని రోజూ పొద్దున్న తీసి రాసేది. రెండు రోజులూ ఫోను చేసి లెక్క చెప్పింది. మూడో రోజు ఫోనులో గొంతు వేరుగా ఉంది.

"మేడమ్, మంచినీళ్లలో చచ్చేయి."

"ఎన్ని?"

మా తగువు మొదలయ్యాక మొదటిసారి ఆవిడ చచ్చినవాటి లెక్క చెప్పింది.

నాలుగో రోజు మొదటి బస్సుకి వెళ్లాను. గదిలో గాలి బుడగల మోటార్లు గుడగుడలాడుతున్నాయి. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. టబ్బు టబ్బుకీ చూశాను. అచ్చం ఫ్యాక్టరీ నీళ్లలోనూ, సగం నీళ్లలోనూ, పావు నీళ్లలోనూ, మంచినీళ్లలోనూ, అన్నిట్లోనూ ఇంచుమించు సగం పోయాయి. మెట్లు లేవు. గ్రాఫు గీస్తే బల్లపరుపుగా ఒక గీత వస్తుంది. నీళ్లకీ చావుకీ సంబంధం లేదని చెప్పే గీత.

మంచినీళ్లు ఎక్కడ పట్టావని అడిగాను. అనకాపల్లిలో వాళ్ల ఇంటి నూతిలోవేనంది. డబ్బా కడిగావా అంటే మూడుసార్లు కడిగానంది. మోటారు ఆగిందా అంటే ఆగలేదంది. నేను వంగి ఆ నీళ్ల వాసన చూశాను. నాకేమీ తెలియలేదు.

ముసలమ్మ చీపురుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏటి, సచ్చిపోతన్నాయా ఇంకా?" అంది.

"మంచినీళ్లలో కూడా చస్తన్నాయి పెద్దమ్మా," అంది ఆవిడ.

"సావవా మరి? ఆ కంపులో ఉండొచ్చినవే కదా."

ఆవిడ గోడ వదిలి ముందుకొచ్చింది. నేను అడిగాను. "ఏ కంపులోంచి? ఎప్పుడు వచ్చాయి?"

"అదేనమ్మా, వంతు. మీరు సీటీలు ఏసేరు కదా, ఎవులు ముందో ఎవులు ఎనకో అని. ఏసీసి ఎల్లిపోనారు. ఈ పాపకి పుస్తకాల ద్యాస. మరి వంతు ఎవులు మారుత్తారు? మద్యాన్నం అది కునుకు తీత్తాది కదా, అప్పుడు నాను మార్చీసినాను. అటుది ఇటు, ఇటుది అటు. ఒకటికి ఒకటి. లెక్క తప్పనేదు సూడండి. ఏ టబ్బులో ఎన్నుండాలో అన్నే ఉన్నాయి."

ఊళ్లో బావి పాడయ్యాక నీళ్ల ట్యాంకరు వచ్చేది. మొదట్లో బిందెలతో కొట్టుకున్నారు. తర్వాత పెద్దలు కూర్చుని ఇంటి పేరుకో చీటీ వేసి, తీసిన వరసలో వంతు పెట్టారు. ఆ ఊళ్లో చీటీలు తీశారంటే మంచినీళ్లకి వంతు కట్టారనే అర్థం. ఆ గదిలో ముసలమ్మ చూసింది అదే.

"టబ్బుల మీద పేర్లు లేవు కదా, మంచినీళ్లు ఏవో నీకెలా తెలిసింది?" అన్నాను.

"వాసన తెల్దేటమ్మా? నాలుగ్రోజులూ ఒక టబ్బుకే మంచినీల్లా? మిగిలినోటికి పేనం కాదా?" అంది.

నేను ఆవిడ వైపు చూశాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ ముసలమ్మ చేతిలోంచి చీపురు తీసి గోడకి ఆనించి, "బువ్వ తిన్నావా పెద్దమ్మా?" అంది.

"తిన్నేదు."

"వెళ్లి తిను. ఈ వంతుల సంగతి ఎవులికీ చెప్పకు. టబ్బులు ముట్టుకున్నామంటే ఆఫీసరు కోప్పడతాడు."

"నాకెందుకు, నాను సెప్పను," అని ముసలమ్మ సంతోషంగా వెళ్లింది.

తిరుగు బస్సులో ఆవిడ నా పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుంది.

"మేడమ్, మంచినీళ్లలో చావులుంటే వాటిని తీసేసి సరిదిద్దే సూత్రం ఒకటి ఉందన్నారు కదా. అది వెయ్యండి."

"అది వాటంతట అవి చచ్చినవాటికి. అదీ పదింట ఒకటి లోపు. ఇక్కడ సగం."

"పోనీ ఏవి మారేయో లెక్క కట్టలేమా?"

"ఏ చేప ఎక్కడ ఎంతసేపు ఉందో ఆమెకే తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా కడతాం?"

"మీరు చదువుకున్నదంతా ఇందుకు పనికిరాదా?" అంది. అరవలేదు. నిజంగానే అడిగింది. ముందు సీట్లో బుట్ట పెట్టుకున్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"పనికిరాదు," అన్నాను. ఏ లెక్కకైనా కొంత దూరం వెళ్లాక ఒక గోడ ఉంటుంది. అది ఆ రోజు మాకు తగిలింది. ఇంకొకరైతే చావుల అంకెలు మార్చి రాసేవారేమో. ఆవిడ అడగలేదు. నేను అడగనిచ్చేదాన్నీ కాదు.

కశింకోట దాటాక ఆవిడే మళ్లీ మాట్లాడింది. "జరిగింది చెప్తే ఊరు పెద్దమ్మని బతకనివ్వదు మేడమ్. బావి పోయింది, వేట పోయింది, ఉన్న ఒక్క పరీక్షా ఈ ముసిల్ది పాడుచేసిందంటారు. దానికి ఆ ఊరు తప్ప ఏటీ లేదు. నాకు అనకాపల్లిలో ఇల్లుంది. తిట్లు తినేసి బస్సెక్కి వచ్చేస్తాను."

విచారణ గదిలో ఊరివాళ్లు గోడల వెంట నిలబడ్డారు. ముసలమ్మ కూడా వచ్చింది, తెల్లచీర కట్టుకుని. మంచినీళ్లలో చేపలు ఎందుకు చచ్చాయని అధికారి అడిగాడు.

"డబ్బా సరిగా కడగలేదండి. లోపల బ్లీచింగ్ పౌడరు ఉండిపోయింది. పొరపాటు నాదే," అంది ఆవిడ.

ఫ్యాక్టరీ తరఫు మనిషి అధికారి వైపు తిరిగి, "డబ్బా కడుక్కోడం రానివాల్లు మా నీళ్ల మీద రిపోర్టు రాస్తారండి," అన్నాడు. ఎవరో నవ్వారు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. బల్ల కింద ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది, కదలొద్దన్నట్టు. ఊరి పరీక్ష చెల్లదని రాసి, ఫ్యాక్టరీ రిపోర్టు ఫైలులో పెట్టి అధికారి లేచాడు. మరో శాంపిల్ ఇప్పించమని ఆవిడ ఆయన వెనకాల మెట్ల దాకా పరిగెత్తింది. ఉత్తర్వు చూడమ్మా, ఒక్కసారే, అన్నాడాయన.

బయట వేపచెట్టు కింద ఒక కుర్రాడు ఆవిడకి అడ్డం వచ్చాడు. "ఎంతకి అమ్మేసేవక్కా?" అన్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడంతో అదే నిజమైపోయింది.

ఆ తర్వాత ఆవిడ నాకు బాగా దగ్గరైంది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఊరి చర్చికి కాదు, అనకాపల్లి చర్చికి. ఊళ్లోకి వెళ్తే పలకరించేవాళ్లు లేరు. ఒకసారి సీసాతో వాగు దగ్గరికి వెళ్తే ఫ్యాక్టరీ కాపలావాళ్లు తరిమారు. ఇంకోసారి ఊరివాళ్లే తరిమారు. పెద్ద ఆఫీసులన్నిటికీ అర్జీలు రాసింది. వాటిలో లెక్కలు నన్ను సరిచూడమనేది. సరిచూసేదాన్ని. తప్పులుండేవి కావు. జవాబులూ ఉండేవి కావు. మా వదిన మంచినీళ్లిస్తే ఇచ్చినవి ఇచ్చినట్టు తాగేసేది. వాసన చూడటం మానేసింది. ఒకనాడు మా వదినే ఉండబట్టలేక, "ఏటమ్మా, మా నీళ్లు బాగుపడ్డాయా?" అని ఎకసక్కెంగా అడిగింది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "నాకే తెలీడం లేదు వదినా," అంది. మా వదిన ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు బస్సులో అడిగిన ప్రశ్న కూడా మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనే ఎన్నోసార్లు కూర్చుని ఆ అంకెలు ముందు వేసుకున్నాను. వాటిలోంచి ఏ దారీ లేదు.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. అక్కని అమ్మ పక్కన, ఊళ్లో సమాధుల దొడ్డిలో పెడదామని అతని కోరిక. ఊరివాళ్లు తన మాట వినరు, పెద్దవారు మీరు అడిగితే వింటారేమో అన్నాడు. ఆటోలో వెళ్లాను. చర్చి పెద్ద బయటికి వచ్చి మర్యాదగానే మాట్లాడాడు.

"మాకు పగేటీ నేదండి. పేనం పోయిన మనిసి. కానీ ఊరు ఒప్పుకోదు. ఈ పెద్దమ్మని అడగండి, సొంత మనిసి. ఆమె సరే అంటే నాను ఊరిని ఒప్పిత్తాను."

ముసలమ్మ చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్లు మసకబారినట్టున్నాయి. నా గొంతు గుర్తుపట్టింది.

"మీరా అమ్మగారూ? పాప పోయిందంట కదా. దేవుడు ఉన్నాడు," అంది.

"ఆవిణ్ణి వాళ్లమ్మ పక్కన పెట్టనివ్వు," అన్నాను.

"దాన్నా?" ఆమె మెట్టు మీద అరచెయ్యి చరిచింది. "ఆ టబ్బుల్ని నాను కన్నబిడ్డల్లా కాసేనమ్మా. ఒక్క సేపకి అన్నేయం జరక్కండా సూసేను. అది ఎల్లి, కూకుని, నీల్లలో తప్పు నేదనీసి సెప్పీసింది. నాను ఆ గదిలోనే ఉన్నాను. నా సెవులతో ఇన్నాను. ఆ ఫ్యాక్టరీ గోడ కింద ఎట్టమనండి. ఇక్కడొద్దు."

ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ముసలమ్మ కాళ్లు మెట్టు మీద ఆనడం లేదు, గాల్లో వేలాడుతున్నాయి. పాదాల నిండా నల్లటి మచ్చలు. ఊళ్లో అందరికీ ఉన్నాయి అవి. చర్చి పెద్ద మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"సరేనమ్మా," అని లేచాను.

అనకాపల్లి వచ్చేసరికి తమ్ముడు అక్కడి చర్చి సమాధుల దొడ్డి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి అక్క ఎప్పుడో అంతా చెప్పిందట.

"ఏటన్నారు మేడమ్?"

"వద్దన్నారు."

"ఆ సంగతి చెప్పేరా?"

"లేదు."

అతను గేటు తోసుకుని, గొయ్యి తవ్వేవాళ్లకి ఆవిడ పొడుగు ఎంతో చెప్పడానికి లోపలికి వెళ్లాడు.